అరవై ఏళ్ల జ్ఞాపకం, ఇరవై ఏళ్ల చేతిరాత

అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా కావాలంటే ఆ భూమి తమ సాగులోనే ఉందని రుజువు చూపాలి. ఏది రుజువో 2008 జనవరి 1న అమల్లోకి వచ్చిన నిబంధనల్లో పదమూడోది చెబుతుంది. సర్కారు కాగితాలు, పటాలు, పాత బావులు, శ్మశానాలు, వంశవృక్షం ఇలా సాగే ఆ జాబితాలో చివరన దరఖాస్తు పెట్టుకోని ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఉంది. అయితే పెద్దలు నోటితో చెబితే చాలదు, దాన్ని రాతలో పెట్టాలి. అడవిని నమ్ముకుని బతికే గిరిజనేతరులైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే ఉన్నామని నిరూపించుకోవాలి. కాగితమే లేని చోట అంత పాత సంగతి ఎవరికి తెలుస్తుంది? ముసలివాళ్లకు తెలుస్తుంది గానీ వాళ్లలో చాలామందికి రాయడం రాదు. రాయడం వచ్చిన కుర్రవాడికి వాగు అవతలి చెలక ఎప్పుడు కొట్టారో, గెట్టు రాయి ఎక్కడుండేదో తెలియదు. నిబంధన రాసినవాళ్లు అనుకుని చేశారో లేదో గానీ, తాతనూ మనవణ్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే కాగితం తయారు చేయించే పని పెట్టారు. మన వయోజన విద్యా కార్యక్రమాలు ఇన్ని దశాబ్దాలుగా పట్టించుకోని పని అదే.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బూర్గంపాడు మండలంలోని సారపాకను తీసుకుందాం. గోదావరికి ఆ ఒడ్డున భద్రాచలం, ఈ ఒడ్డున సారపాక. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాగితం మిల్లు ఈ ఊరి రూపాన్నే మార్చేసింది. రాతకూ అచ్చుకూ పనికొచ్చే కాగితం తయారయ్యే ఊరి పక్క గూడేల్లో ఇంకా వేలిముద్రలు పడుతున్నాయంటే చిత్రంగానే ఉంటుంది, కానీ మిల్లు పక్కనున్నంత మాత్రాన చదువు రాదు. ఇక్కడ రాత్రిపూట ఒక వయోజన తరగతి పెడితే ఎవరెవరు రావాలి? మిల్లులో కాంట్రాక్టు కూలీగా చేరి పీఎఫ్ చీటీ చదవలేని మనిషి రావాలి. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, ఓపెన్ స్కూల్లో పది గట్టెక్కాలనుకునే అమ్మాయి రావాలి. మహిళా సంఘం తీర్మానం మీద ఏం రాశారో చదివి మరీ సంతకం పెట్టాలనుకునే నలభై ఏళ్ల ఇల్లాలు, ఇంట్లో కోయ తప్ప మరో మాట ఆడని పెద్దమ్మ, 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ గొడవలకు తాళలేక గోదావరి పరీవాహకానికి వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాల వాళ్లు కూడా రావాలి. పద్దెనిమిదేళ్ల నుంచి డెబ్బై ఏళ్ల దాకా ఉన్న వీళ్లందరికీ విడివిడిగా తరగతులు పెట్టేంత మంది గురువులు లేరు, గదులు లేవు. కాబట్టి కలిసే కూర్చుంటారు. ఆ కలయికను అవసరం కొద్దీ భరించే ఇబ్బందిగా చూస్తున్నాం. కావాలని కలపాల్సిన తరగతి అది, పాఠాన్నే దానికి తగ్గట్టు మార్చుకోవాలి అన్నది నా వాదన.

ఇందుకు విరుద్ధమైన ఆలోచన మన విధానాల్లో చాలాకాలం రాజ్యమేలింది. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్లవాళ్లను గురి పెట్టుకుంది. 1988 మేలో వచ్చిన జాతీయ సాక్షరతా మిషన్ కూడా ప్రధానంగా అదే గీత గీసింది. అప్పటి తర్కం పైకి సబబుగానే ఉంటుంది. డబ్బు తక్కువ, పనిచేసే వయసువాళ్లకు ముందు నేర్పితే దేశానికి ఎక్కువ లాభం అని. కానీ 1978లో ముప్పై ఆరేళ్లున్న మనిషి ఆ గీతకు ఒక్క ఏడాది తేడాతో అవతల పడ్డాడు. పదేళ్ల తర్వాత మిషన్ వచ్చేసరికి నలభై ఆరుకు చేరి ఇంకా దూరం జరిగాడు. వయసు పరిమితి తీసేసి పదిహేను దాటిన అందరికీ తలుపు తెరిచిన సాక్షర భారత్ 2009 సెప్టెంబరు 8న మొదలయ్యే నాటికి అతనికి అరవై ఏడు. అంటే ఆ తరం బడికి వెళ్లలేకపోవడం ఒక నష్టం, రాత్రిబడి కూడా రానివ్వకపోవడం రెండో నష్టం. 2011 జనాభా లెక్కల్లో అప్పటి ఖమ్మం జిల్లా అక్షరాస్యత 64.81 శాతం. తెలంగాణ గిరిజనుల్లో అది సగానికి కాస్త తక్కువే. ఆ చదువురాని సగంలో ఎక్కువ మంది ఎవరో ఊళ్లో అడిగితే తెలుస్తుంది, ముఖ్యంగా నడివయసు దాటిన ఆడవాళ్లు.

ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. 2022 నుంచి 2027 దాకా నడిచే కేంద్ర పథకం, ఉల్లాస్ అని పిలుస్తున్నది, పదిహేను దాటిన ఎవరినైనా చేర్చుకుంటుంది. అయితే లోపలికి రానివ్వడం వేరు, వచ్చినవాళ్లకు తగ్గట్టు గది సర్దడం వేరు. అందరికీ ఒకే వాచకం, ఒకే వరస, చివర చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50 కలిపి 150 మార్కుల పరీక్ష. ఏడో తరగతిలో మానేసిన ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ వాచకం వారంలో తిరగేస్తాడు. పలక ఎన్నడూ పట్టని అరవై ఏళ్ల మనిషికి గుణింతాలకే నెలలు పడతాయి. ఇద్దరినీ ఒకే కర్రతో కొలిచి, ఒకరికి విసుగూ ఒకరికి సిగ్గూ మిగిల్చి, వయసులు కలవడం వల్లే తరగతి చెడిందని అంటున్నాం. చెడగొట్టింది కొలత కర్ర.

వయసు నేర్చుకునే తీరును నిజంగా మారుస్తుందా అంటే మారుస్తుంది. కాకపోతే మనం అనుకునే పద్ధతిలో కాదు. అమెరికాలో వార్నర్ షై 1956లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు అదే మనుషులను వెంబడించి పరీక్షించిన సియాటిల్ అధ్యయనం ఒక సంగతి తేల్చింది. చూసి వెంటనే పోల్చుకునే వేగం యౌవనం నుంచే తగ్గుతూ వస్తుంది. మాటల సంపద, అర్థం పట్టుకునే శక్తి మాత్రం నడివయసు దాటేదాకా పెరుగుతూ, ఆ తర్వాత కూడా చాలాకాలం నిలబడతాయి. వయోజన అక్షరాస్యత మీద ప్రపంచ బ్యాంకు కోసం 2003లో రాసిన హెలెన్ అబద్జీ ఇంకో కోణం చూపించారు. పెద్దయ్యాక అక్షరాలు నేర్చినవాళ్లు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతారు, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జ్ఞాపకంలోంచి జారిపోతుంది. అందువల్లే చదవడం వచ్చినా చదివింది అర్థం కాక వదిలేస్తారు. ఈ రెండూ కలిపి చూస్తే పని విభజన తనంతట తానే కనిపిస్తుంది. అక్షరం గుర్తుపట్టే వేగం చిన్నవాళ్ల దగ్గరుంది. ఆ అక్షరాలు చెప్పే సంగతి ఏమిటో, అందులో మోసం ఎక్కడుందో పసిగట్టే తెలివి పెద్దవాళ్ల దగ్గరుంది. ఒకరు వేగంగా పైకి చదివితే ఇంకొకరు ఆపి ప్రశ్న వేయగల తరగతి, ఇద్దరూ విడివిడిగా తడబడే తరగతి కంటే మెరుగు కాదా?

ఇక్కడే చాలామంది మరిచే సంగతి కళ్లు. నలభై దాటాక దగ్గరి చూపు మసకబారడం జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. తెలుగు లిపిలో పకు చిన్న గీత చేరితే ఫ అవుతుంది, బ కింద ఓ మొలక వస్తే భ అవుతుంది. తలకట్టుకూ గుడికీ తేడా వెంట్రుకవాసి. లాంతరు వెలుగైనా ఎల్‌ఈడీ బల్బు వెలుగైనా యాభై ఏళ్ల కంటికి వాచకంలోని ఆ సన్న తేడాలు కనపడవు. కనపడక తప్పు చదివిన మనిషిని మట్టిబుర్ర అంటాం. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు మామూలు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూస్తే, ఆకు కోత 21.7 శాతం పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఆకు కోతకే అంత తేడా వస్తే అక్షరాలకు ఎంత రావాలి! తెలంగాణలో కంటి పరీక్షలు చేసి అద్దాలు పంచే కంటి వెలుగు కార్యక్రమం 2018 ఆగస్టు 15న మొదలైంది. రెండో విడతకు 2023 జనవరి 18న శ్రీకారం చుట్టింది ఖమ్మంలోనే. ఆ అద్దాలు పంచిన శాఖ ఒకటి, అక్షరాలు నేర్పే శాఖ ఇంకొకటి. తరగతిలో చేరిన మొదటి రోజు కంటి పరీక్ష, రెండో వారంలో అద్దాలు అన్న చిన్న కలయిక కూడా వాళ్ల మధ్య కుదరలేదు.

ఇంత చెప్పాక, కలిసి చదివే పాఠం ఎలా ఉంటుందో చూపాలి కదా. సారపాకకు అది వెతుక్కోవాల్సిన పని లేదు, ఏటా వానాకాలంలో గోదావరే తెచ్చిపెడుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ జులై, ఆగస్టుల్లో ప్రతి ఫోనుకూ వస్తాయి. కుర్రవాళ్లు చదివేస్తారు. కానీ 53 అడుగులంటే తమ వాడలో నీళ్లు ఎక్కడికొస్తాయో చాలామందికి ఊహ ఉండదు, ఎందుకంటే అది భద్రాచలం కొలబద్ద మీది అంకె, ఇంటి గడప మీద గీసింది కాదు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు ఎక్కింది, ఇప్పటికీ అదే రికార్డు. 1990లో 70.8 అడుగులు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఈ ఒడ్డు ఆ ఒడ్డుకు దూరమైపోయింది. ఇప్పుడు అరవై ఏళ్లున్నవాళ్లకు 1986లో ఇరవై. ఏ చింతచెట్టు మొదలు దాకా వచ్చింది, ఎవరి పెంకుటిల్లు కూలింది, పశువులను ఏ మిట్టకు తోలారు అన్నది వాళ్లకు కళ్లకు కట్టినట్టు తెలుసు. తెలియనిది దశాంశ బిందువు ఒక్కటే. ఒక నల్లబల్ల మీద ఆ మూడు ఏళ్లూ, ఆ మూడు మట్టాలూ రాసి, పక్కన పెద్దవాళ్లు చెప్పే గుర్తులు చిన్నవాళ్లతో రాయిస్తే ఒక్క పాఠంలో అంకెలు, తీసివేతలు, చదవడం, రాయడం అన్నీ అయిపోతాయి. 75.6లోంచి 71.3 తీసేస్తే 4.3 అడుగులు. అంటే 2022లో నీళ్లొచ్చిన గీతకు నిలువెత్తు మనిషి భుజాల దాకా ఇంకా పైన 1986 గీత ఉందన్నమాట. ఈ లెక్క పెద్దమ్మకు నేర్పాల్సిన పని కంటే కుర్రవాడికి గుర్తుచేయాల్సిన పని ఎక్కువ. ఆ బల్ల మీది రాతను ఫొటో తీసి పంచాయతీకి ఇస్తే అది ఊరి వరద పటం అవుతుంది. మూడు తరాల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పటం తయారు కాదు.

లెక్కల సంగతి ఎత్తాను కాబట్టి తునికాకు ముచ్చట కూడా చెప్పాలి. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఎండల్లో అడవికి పోయి ఆకు కోసుకొచ్చి కట్టలు కట్టే ఆడవాళ్లు రోజూ యాభైల ఎక్కం చదువుతూనే ఉన్నారు, పుస్తకం లేకుండా. బ్రెజిల్‌లోని రెసిఫే వీధుల్లో కొబ్బరికాయలూ పండ్లూ అమ్ముకునే పిల్లల మీద 1985లో జరిగిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, బేరంలో నోటి లెక్కలు 98 శాతం సరిగ్గా చేసినవాళ్లే, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే 37 శాతమే చేయగలిగారు. అక్షరాస్యత పరీక్ష కాగితంతో మొదలవుతుంది కాబట్టి నోటి లెక్క తెలిసిన మనిషికి సున్నా పడుతుంది. కలిసిన తరగతిలో ఎవరి లెక్క నోట్లో ఉందో, ఎవరిది చేతిలో ఉందో కనిపెట్టి, ఒకదాన్ని ఇంకొకదానికి అప్పగించడమే గురువు పని. చిల్లర పుస్తకం రాయడం వచ్చిన కోడలు, ఎంత రావాలో నోటితో చెప్పే అత్త పక్కపక్కన కూర్చుంటే ఆకు కొనే కల్లేదారు ముందు మోసపోవడం కష్టం.

అత్తా కోడలు అన్నాను గనుక మొదటి అభ్యంతరానికి వస్తాను. కోడలి ముందు అత్త, కొడుకు స్నేహితుల ముందు తండ్రి అక్షరం తప్పు చదివితే పరువు పోదా? పోతుంది. పెద్దల్లో బిడియం ఊహాజనితం కాదు, నాలుగు రోజులు వచ్చి ఐదో రోజు మానేయడానికి అదే పెద్ద కారణం. పైగా మన ఊళ్లలో ఒక గదిలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది వయసుతోనే తేలదు, కులమూ వచ్చి కూర్చుంటుంది. అయితే ఈ బిడియం పుట్టేది ఒక్కొక్కరినీ లేపి చదివించే బడి అలవాటు వల్ల. పెద్దల తరగతిలో ఆ అలవాటు మానేయాలి. ఒకే ఇంటివాళ్లను ఒకే గుంపులో వేయకూడదు. చెప్పేది మొదట పెద్దలు, రాసేది తర్వాత చిన్నలు అన్న వరస పెట్టుకుంటే మొదటి తప్పు పెద్దవాళ్లది కాదు, వాళ్లు చెప్పింది సరిగ్గా రాయలేకపోయిన కుర్రవాడిది అవుతుంది. అప్పుడు దిద్దే స్థానం పెద్దమ్మది. నేర్పే వలంటీరు తన కంటే ముప్పై ఏళ్లు పెద్దదాన్ని నువ్వు అని పిలిచి, తప్పు అని ఎర్రగీత పెట్టడం మానితే సగం మంది మానేయరు. కేరళలో 2018లో 96 ఏళ్ల కార్త్యాయని అమ్మ అక్షరలక్షం పరీక్షలో నూటికి 98 తెచ్చుకున్నప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ మునిమనవరాళ్లు ఇంట్లో దగ్గరుండి చదివించారు. అంత మంచి మనిషిని మెచ్చుకోవడంలో తప్పు లేదు గానీ, ఇలాంటి అపురూపాల ఫొటోలు వేసుకుని పథకం నడుస్తోందని అనుకోవడం మన పత్రికల బలహీనత కూడా. ఆవిడ ఇంట్లో దొరికిన ఏర్పాటు మామూలు తరగతిలో మామూలు మనుషులకు దొరకాలి.

రెండో అభ్యంతరం చిన్నవాళ్ల వైపు నుంచి వస్తుంది, నాకు ఇదే బలమైనదిగా తోస్తుంది. ఓపెన్ స్కూల్లో పది పాసవ్వాలనుకునే అమ్మాయి సమయం ముసలివాళ్ల గుణింతాలకు ఖర్చు చేయించడం న్యాయమా? ఆమెకు కావాల్సింది సర్టిఫికెట్, ఊరి చరిత్ర కాదు. నిజమే. అందుకే గంటన్నర తరగతిలో మొదటి అరగంటే అందరిదీ కావాలి, వరద లెక్క, పట్టా, తీర్మానం, కరెంటు బిల్లు లాంటి పాఠం. మిగతా గంట ఎవరి దారి వారిది. ఆ అమ్మాయి తన గణితం పుస్తకం తీసుకుంటుంది, పెద్దమ్మ గుణింతాలు తీసుకుంటుంది. మొదటి అరగంట ఆ అమ్మాయికి నష్టమా అంటే, పది తెలుగు పరీక్షలో లేఖ రాయమని, పేరా చదివి జవాబులు రాయమని అడుగుతారు. తహసీల్దారుకు నిజమైన అర్జీ రాసిన చేతికి పరీక్షలో లేఖ ఎంత? అయినా అందరికీ ఇది సరిపోతుందని అనను. ఇంటర్ సైన్సు చదివేవాడికి ఈ గదిలో పెద్దగా ఏమీ దొరకదు, అతన్ని ఓపెన్ స్కూలు స్టడీ సెంటరుకే పంపాలి.

ఇంట్లో చదువుకున్న మనవడు ఉన్నప్పుడు అవ్వకు చదువెందుకు అన్నది మూడో మాట. పైకి ఎవరూ అనరు గానీ పథకాల లోపల పనిచేసే ఆలోచన ఇది. దీనికి ఆర్థికశాస్త్రంలో ఆధారం కూడా ఉంది. కౌశిక్ బసు, జేమ్స్ ఫాస్టర్ 1998లో రాసిన వ్యాసంలో, ఇంట్లో ఒక్కరికి చదువొచ్చినా దాని మేలు మిగతావాళ్లకు అందుతుందని, ఇంట్లో ఎవరికీ చదువురాని మనిషి పరిస్థితి వేరుగా లెక్కించాలని వాదించారు. ఆ వాదన సరైనదే, కాకపోతే దాన్నుంచి అవ్వకు చదువు అక్కర్లేదని తేలదు. మనవడు మిరప కోతకో, హైదరాబాద్ పనికో పోతే ఆ మేలు కూడా వాడితోనే పోతుంది. పింఛను డబ్బు పడిందో లేదో మనవణ్నే అడగాలి, ఓటీపీ వాడికే చెప్పాలి. వాడు మంచివాడైతే సరి. పోడు పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. తన పేరు పక్కన ఏముందో చదవలేని భార్యకు ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. ఇప్పుడు రేషన్ దుకాణంలో యంత్రం చదువుకున్నవాళ్లనీ చదువురానివాళ్లనీ ఒకేలా వేలిముద్ర అడుగుతోంది, ఆ లెక్కన అందరం సమానమే అయ్యాం అనుకోవచ్చు. కానీ యంత్రం ఇచ్చే రసీదు మీద ఎన్ని కిలోలు రాసుందో చదివేదెవరు?

భాష సంగతి విడిగా చెప్పాలి. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లు ఆలోచించేది కోయలో, వాచకం ఉండేది తెలుగులో. అక్షరంతో పాటు భాష కూడా కొత్తదైతే భారం రెట్టింపు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్య కింద కోయ, గోండి, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్న పిల్లల పాఠాలు తెలుగు లిపిలో తయారయ్యాయి. పిల్లల కోసం చేసింది పెద్దలకు ఎందుకు చేయలేం? ఇంట్లో కోయ, బడిలో తెలుగు నేర్చిన ఇరవై ఏళ్ల కోయ పిల్ల కంటే మంచి గురువు ఆ తరగతికి దొరకదు. ఆమె వైపు నుంచి చూసినా, అడవిలో చెట్ల పేర్లు, చేపల పేర్లు కోయలో ఆమెకు తెలియనివి ఎన్నో అవ్వ చెబుతుంది. వయసులవారీగా విడగొడితే ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి చోటుండదు. గుత్తికోయ కుటుంబాలకైతే ఇది ఇంకా అవసరం, వాళ్ల పిల్లల్లో కొందరు తాము వదిలి వచ్చిన చోట హిందీ అక్షరాలు చూసి వచ్చారు, ఇక్కడ తెలుగు అక్షరాలు చూస్తున్నారు.

కలిసి కూర్చుని చదివితే ఏమవుతుందో తెలుగునాడు ఒకసారి చూసింది. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజుల్లో, వాచకంలోని సీతమ్మ కథ చదివి, తాగుడు మీద మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్కడి నుంచి లేచిన ఉద్యమం చివరికి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. అక్షరాస్యత లెక్కల్లో ఆ జిల్లాలో ఎంతమంది పాసయ్యారో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఆ కథ వాళ్లను కదిలించింది అక్షరాల వల్ల మాత్రమే కాదు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల దెబ్బలు, ముప్పై ఏళ్లుగా తింటున్న పెద్దావిడ దెబ్బలు ఒకే గదిలో మాటలయ్యాయి. ఒకరికి తన మొగుడి గుణం అనిపించిందే, ఇంకొకరి నోట విన్నాక ఊరి గుణం అని తెలిసింది. ఒకే వయసువాళ్ల గుంపులో ఆ సంగతి అంత తొందరగా బయటపడదని నా నమ్మకం.

ఇక డబ్బు. సాక్షర భారత్ ఉన్నన్నాళ్లూ ప్రతి పంచాయతీకీ వయోజన విద్యా కేంద్రం చూసుకునే ఇద్దరు ప్రేరక్‌లు ఉండేవారు, నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం. అది కూలి కంటే తక్కువే, అయినా ఎవరో ఒకరు బాధ్యులుగా ఉండేవారు. 2018 మార్చి 31తో పథకం ఆగింది, వాళ్లూ పోయారు. ఉల్లాస్ పూర్తిగా స్వచ్ఛంద సేవ మీద నడుస్తుంది. ఐదేళ్లకు 5 కోట్ల మందికి 1,037.90 కోట్లు, అంటే మనిషికి సుమారు 208 రూపాయలు. మూడు తరాలను ఒక గదిలో నడపడం ఒకే వయసు పిల్లలను నడపడం కంటే కష్టమైన విద్య. ఎవరి చేత ఎప్పుడు మాట్లాడించాలి, ఎవరిని ఎప్పుడు వదిలేయాలి, గంటన్నరను ఎలా పంచాలి అన్నది శిక్షణ లేకుండా రాదు. కాలేజీ కుర్రాడు మార్కుల కోసం వచ్చి చేసే పని కాదది. గ్రామంలోనే ఉండే ఒక మనిషికి కనీసం ఉపాధి కూలి అంత ఇచ్చి, ఏటా పది రోజులు శిక్షణ ఇస్తే చాలు. సారపాకలో మిల్లు ఉంది, భద్రాచలంలో ఐటీడీఏ ఉంది. ఒక మండలానికి ఆ ఖర్చు ఈ రెండింటిలో దేనికీ భారం కాదు.

కాలం లెక్క కూడా చూసుకోవాలి. బూర్గంపాడు వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు, కల్లాలు. ఏప్రిల్ చివర నుంచి మే అంతా తునికాకు. జూన్‌లో విత్తనాలు, జులై ఆగస్టుల్లో వరద భయం, దసరా నుంచి పత్తి తీతలు. అందరికీ తీరికుండే నెల ఏడాదిలో ఒక్కటీ కనపడదు. పడుచువాళ్లంతా మిరప చేలల్లో ఉన్నప్పుడు ఇంటిపట్టునుండేది ముసలివాళ్లు. తునికాకుకు పెద్దవాళ్లూ పోయినప్పుడు సెలవులకు ఇంటికొచ్చేది హాస్టల్ పిల్లలు. ఒకే వయసువాళ్ల తరగతి ఏదో ఒక కోతకు మూతపడి మళ్లీ తెరుచుకోదు, కలిసిన తరగతి పలచబడుతుంది గానీ మూతపడదు. దేశంలో మొదటి ఉల్లాస్ అక్షరాస్యతా పరీక్ష 2023 మార్చి 19న పెట్టారు. తర్వాత కూడా మార్చిలో పెడుతూ వచ్చారు. ఢిల్లీలో అది ఆర్థిక సంవత్సరం ముగింపు, ఇక్కడ మిరప కల్లాల నడిమధ్య. సంక్రాంతి వెళ్లిన పది రోజులకు ఒకసారి, తునికాకు డబ్బులు చేతికందే జూన్ మొదటి వారంలో ఇంకోసారి ఈ జిల్లాకు విడిగా పరీక్ష పెట్టమని రాష్ట్ర వయోజన విద్యా శాఖ అడగవచ్చు. అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తరం చాలు.